రిచీ స్ట్రీట్‌లో ఒక కంప్యూటరు దుకాణం: డెస్క్‌టాప్‌కు, ల్యాప్‌టాప్‌కు డ్రైవులు వేయించిన అనుభవం

చెన్నైలో కంప్యూటరు విడిభాగాలు కావాలంటే అన్నాసాలై పక్కనున్న రిచీ స్ట్రీట్‌కే వెళ్లాలని ఇక్కడి తెలుగువారిలో చాలామందికి తెలుసు. ఆ వీధిలో ఇరుకు మెట్లెక్కి వెళ్లవలసిన ఒక చిన్న దుకాణంలో మేము ఇటీవల రెండు పనులు చేయించుకున్నాము. వడపళనిలో పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేసే మా బావమరిదికి కొత్త డెస్క్‌టాప్ అసెంబుల్ చేయించడం ఒకటి, బాగా నెమ్మదించిన నా పాత ల్యాప్‌టాప్‌కు డ్రైవు వేయించడం మరొకటి. డెస్క్‌టాపా, ల్యాప్‌టాపా అని తేల్చుకునేటప్పుడు మనవాళ్లు సాధారణంగా ప్రాసెసరు పేరు, ర్యామ్ ఎంత అన్నవే చూస్తారు. మన ఫొటోలు, లెక్కలు, చేసిన పని అంతా ఉండేది డ్రైవులోనే కాబట్టి, అది ఏ రకానిది, రేపు దాన్ని మార్చుకోగలమా, పక్కన ఇంకొకటి పెట్టుకోగలమా అన్నది ముందుగా అడగాలని నా గట్టి అభిప్రాయం. ఈ దుకాణంవారు మాతో మాట మొదలుపెట్టింది కూడా అక్కడి నుంచే.

యజమాని నెల్లూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవారు. ల్యాప్‌టాప్ మోడల్ నంబరు చెప్పగానే డబ్బా తీసి చేతిలో పెట్టకుండా, "ముందు వెనక మూత తీసి చూద్దాం సార్, స్లాటు ఏదో తెలియకుండా డ్రైవు కొనొద్దు" అన్నారు. లోపల 2.5 అంగుళాల, 5400 ఆర్‌పీఎం (నిమిషానికి అన్ని చుట్లు తిరిగే) హార్డ్‌డిస్కు ఉంది. దానికి కాస్త దూరంలో ఖాళీ ఎం.2 స్లాటు కనిపించింది. ఎం.2 అన్నది ఆకారానికి పేరు మాత్రమే. 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవున్న అదే పలకలో పాత, నెమ్మది పద్ధతిలో నడిచే సాటా డ్రైవూ వస్తుంది, కొత్త, వేగమైన పద్ధతిలో నడిచే ఎన్‌వీఎంఈ డ్రైవూ వస్తుంది. సాటా రకం సెకనుకు దాదాపు 550 ఎంబీ దగ్గర ఆగిపోతే, జెన్ 3 (మూడో తరం) ఎన్‌వీఎంఈ రకం 3,500 ఎంబీ వరకు వెళుతుంది. స్లాటు సాటాకు మాత్రమే పనికొచ్చేదైతే ఎన్‌వీఎంఈ డ్రైవు అందులో పెట్టినా కంప్యూటరు దాన్ని గుర్తించదు. ఆయన తయారీదారు మాన్యువల్ తెరిచి, మా స్లాటు ఎన్‌వీఎంఈని తీసుకుంటుందని చూపించిన తర్వాతే డ్రైవు తెప్పించారు. పనివాడు దాన్ని ఏటవాలుగా స్లాటులోకి జొనిపి, మెల్లగా కిందికి నొక్కి, చివర చిన్న స్క్రూ బిగించాడు. ఆ తర్వాత క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో డ్రైవు ఎన్ని గంటలు నడిచిందో చూపి, అది వాడిన సరుకు కాదని నిరూపించారు. ఇది అడగకుండానే చేసే షాపులు తక్కువ.

పాత విండోస్‌ను కొత్త డ్రైవులోకి క్లోన్ చేసే (ఉన్నది ఉన్నట్టు కాపీ చేసే) ముందు, డిస్కులోని డేటాకు తాళం వేసే బిట్‌లాకర్ తాలూకు రికవరీ కీ మా దగ్గర ఉందా అని అడగడం నాకు ఎంతో నచ్చింది. ఆ కీ లేక సొంత డేటానే తెరవలేకపోయినవాళ్లు ఉన్నారు. ప్రాసెసరు పాతదే అయినా ఇప్పుడు ల్యాప్‌టాప్ ఆన్ చేసిన కాసేపటికే పనికి సిద్ధమవుతోంది. 5400 ఆర్‌పీఎం డిస్కులో కావలసిన భాగం తిరిగి, డేటా చదివే హెడ్డు కిందికి రావడానికే సగటున ఐదున్నర మిల్లీసెకన్లు పడుతుంది, హెడ్డు కదలడానికి పట్టే సమయం దానికి అదనం. విండోస్ మొదలయ్యేటప్పుడు వేల కొద్దీ చిన్న ఫైళ్లకు ఇలా ఆగాలి. కొత్తగా వేసిన డ్రైవు ఎస్‌ఎస్‌డీ, అంటే చిప్పుల్లో డేటా దాచే రకం, అందులో తిరిగేది ఏదీ లేదు కనుక ఆ నిరీక్షణే ఉండదు.

డెస్క్‌టాప్ విషయంలో చర్చ ఎక్కువసేపు సాగింది, సాగవలసిందే. 4కె వీడియోలతో పనిచేసేవారికి ఒక్క డ్రైవు చాలదు. ఎడిటింగ్‌కు 1 టీబీ ఎన్‌వీఎంఈ, దాచుకోవడానికి 3.5 అంగుళాల 4 టీబీ హార్డ్‌డిస్కులు రెండు తీసుకున్నాము. ఒక్కో సెల్‌లో నాలుగు బిట్లు దాచే చవకైన క్యూఎల్‌సీ ఎస్‌ఎస్‌డీలు మొదట వేగంగా రాసినా, వందల జీబీల ఫుటేజీ ఒకేసారి ఎక్కిస్తే వాటి కాష్ (తాత్కాలికంగా వేగంగా రాసుకునే చోటు) నిండిపోయి వేగం ఒక్కసారిగా పడిపోతుందని, అందుకే సెల్‌కు మూడు బిట్లే దాచే టీఎల్‌సీ రకం తీసుకోమని యజమాని చెప్పారు. డెస్క్‌టాప్‌లో ఆ ఎస్‌ఎస్‌డీ మీద వేడి లాగేసే హీట్‌సింక్ పెట్టే చోటు, గాలి ఆడే ఫ్యాన్లు ఉంటాయి. పలుచని ల్యాప్‌టాప్‌లో అదే డ్రైవు వేడెక్కి తనంతట తానే నెమ్మదిస్తుంది. హార్డ్‌డిస్కుల్లో కూడా ఎస్‌ఎంఆర్ రకం వద్దన్నారు. ఆ రకంలో ట్రాకులు (డేటా రాసే వలయాలు) పెంకుటింటి పెంకుల్లా ఒకదానిమీద ఒకటి కొంత కప్పుకుని ఉంటాయి కాబట్టి, ఉన్నదాన్ని మార్చి రాయాలంటే పక్క ట్రాకులను కూడా తిరగరాయాలి. ట్రాకులు విడివిడిగా ఉండే సీఎంఆర్ రకంలో ఆ బెడద లేదు. డెస్క్‌టాప్‌కు ఇలా ఎంచుకునే వీలుంది. ఆపిల్ మ్యాక్‌బుక్‌లలోనైతే కొన్నేళ్లుగా స్టోరేజీ చిప్పులు బోర్డుకే సోల్డర్ చేసి (ఊడదీయలేకుండా అతికించి) వస్తున్నాయి, అలాంటివి కొనేవారు ఎంత స్టోరేజీ కావాలో మొదటి రోజే తేల్చుకోవాలి.

అలాగని డెస్క్‌టాపే మేలని చెప్పను. కరెంటు పోతే ల్యాప్‌టాప్‌ను దాని బ్యాటరీ కాపాడుతుంది, డెస్క్‌టాప్‌కు యూపీఎస్ విడిగా కొనాలి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫానుకు వేళచ్చేరి వైపు ఇళ్లలోకి నీళ్లు వచ్చినప్పుడు, బల్ల కింద నేలమీద పెట్టిన క్యాబినెట్లు ఎన్ని తడిసి ఉంటాయో ఊహించవచ్చు. ల్యాప్‌టాప్ అయితే చంకన పెట్టుకుని పై అంతస్తుకు వెళ్లిపోవచ్చు. అందుకే రెండో హార్డ్‌డిస్కును క్యాబినెట్‌లో బిగించకుండా బయటి కేసులో పెట్టించాము. 3.5 అంగుళాల డ్రైవుకు 12 వోల్టులు కూడా కావాలి కనుక దాని కేసుకు అడాప్టరు తప్పదు. నా ల్యాప్‌టాప్‌లోంచి తీసిన 2.5 అంగుళాల డిస్కుకు 5 వోల్టులు చాలు, యూఎస్‌బీ కేబుల్‌తోనే నడుస్తోంది.

లోపాలూ ఉన్నాయి. 18 శాతం జీఎస్‌టీతో సరైన బిల్లు ఇచ్చారు గానీ, డ్రైవుల సీరియల్ నంబర్లు మేము అడిగితే తప్ప దానిమీద రాయలేదు. వారంటీ కోసం వెళ్లినప్పుడు ఆ నంబరే ఆధారం కాబట్టి ఇది చిన్న విషయం కాదు. క్లోనింగ్‌కు ఫిటింగ్ కాకుండా వేరే చార్జీ ఉంటుందని ముందే చెప్పి ఉండవలసింది. కూర్చోవడానికి చోటు లేదు, సాయంత్రం రద్దీలో మన ప్రశ్నలకు నిదానంగా జవాబులు దొరకవు. ఉదయం షాపు తెరవగానే వెళ్లడం మంచిది. గవర్నమెంట్ ఎస్టేట్ మెట్రో స్టేషను నుంచి నడిచి వెళ్లవచ్చు, ఆదివారం మాత్రం ఆ వీధిలో చాలా దుకాణాలు మూసి ఉంటాయి. డేటా రికవరీ పని వీరు చేయరు, ఆ సంగతి నిజాయితీగా ముందే చెబుతారు.