మూడో గడి దగ్గరే అసలు పని: బ్రేవర్ ఏంజెల్స్ రెడ్-బ్లూ వర్క్‌షాప్ ఎలా ఉంది?

2016 డిసెంబరు. అమెరికా అధ్యక్ష ఎన్నిక ముగిసి నెల తిరిగిందో లేదో, ఒహాయో రాష్ట్రంలోని సౌత్ లెబనాన్ అనే చిన్న ఊళ్లో ట్రంప్‌కి ఓటేసినవాళ్లు 10 మందినీ, హిల్లరీ క్లింటన్‌కి వేసినవాళ్లు 11 మందినీ ఒకే గదిలో కూర్చోబెట్టారు. రెండు పార్టీలవాళ్లని ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడించే ఈ వర్క్‌షాప్, దాన్ని నడిపే బ్రేవర్ ఏంజెల్స్ సంస్థ పుట్టింది అక్కడే. అప్పట్లో సంస్థ పేరు బెటర్ ఏంజెల్స్. 1861లో లింకన్ చేసిన తొలి ప్రమాణ స్వీకార ప్రసంగంలోంచి తీసుకున్న మాట అది. 2020లో బ్రేవర్ ఏంజెల్స్‌గా మార్చుకున్నారు. కార్యక్రమాన్ని తయారుచేసిన బిల్ డోహర్టీ రాజకీయ పండితుడేమీ కాదు. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో కుటుంబ చికిత్స ఆచార్యుడు, విడాకుల అంచున ఉన్న దంపతులతో పనిచేసినవాడు. వర్క్‌షాప్‌లో అడుగడుగునా ఆ చెయ్యి తెలిసిపోతుంది.

రంగుల సంగతి ముందే చెప్పుకోవాలి. ఎరుపు అనగానే మనకు కమ్యూనిస్టులు గుర్తొస్తారు. అమెరికాలో రెడ్ అంటే రిపబ్లికన్, బ్లూ అంటే డెమొక్రాట్. అదీ పాత ఆనవాయితీ కాదు, 2000 ఎన్నికల రాత్రుల్లో టీవీ మ్యాపులు చూసి చూసి స్థిరపడిపోయింది.

గదిలో రెండు వైపులా సమాన సంఖ్యలో, ఒక్కో వైపు ఐదుగురి నుంచి ఎనిమిది మంది దాకా ఉంటారు. చర్చ నడిపే మోడరేటర్లు ఇద్దరు. వెనక కుర్చీల్లో నోరు మెదపకుండా చూసే పరిశీలకులు. నియమాలు కొన్నే: ఎవరి అభిప్రాయం వాళ్లే చెప్పాలి, తమ నాయకుడి తరఫున వకాల్తా పుచ్చుకోకూడదు, ఎదుటివాళ్లని మార్చే ప్రయత్నం చెయ్యకూడదు. రోజంతా నడిచే రకం ఒకటి, దాదాపు మూడు గంటల్లో ముగిసే పొట్టి రకం ఇంకొకటి. చాలావాటికి ఫీజు లేదు. కరోనా తర్వాత జూమ్‌లోనూ జరుగుతున్నాయి.

మొదటి అంశమే వర్క్‌షాప్ మొత్తానికి ప్రాణం. రెడ్లు ఒక గదిలోకి, బ్లూలు ఇంకో గదిలోకి వెళ్తారు. "అవతలివాళ్లు మన మీద వేసే ముద్రలేమిటి?" అని అడిగి, నాలుగైదు ఎంచి చార్టు మీద రాస్తారు. రెడ్ల చార్టులో సాధారణంగా కనబడేవి జాతి విద్వేషులు, బీదల మీద జాలి లేనివాళ్లు, సైన్స్‌ని నమ్మనివాళ్లు. బ్లూల చార్టులో దేశభక్తి లేనివాళ్లు, దేవుడంటే పడనివాళ్లు, ప్రతిదానికీ ప్రభుత్వమే దిక్కనేవాళ్లు. ప్రతి ముద్రకీ పక్కన రెండు గడులు నింపాలి. "అది తప్పయితే నిజమేమిటి?" అనేది రెండో గడి. ఇది నింపడం ఎవరికైనా సరదాయే, ఎవరి గొప్పలు వాళ్లు చెప్పుకోవచ్చు. మూడోదానికొచ్చేసరికి కలం ఆగుతుంది. నిప్పు లేనిదే పొగ రాదు కదా, మరి ఈ ముద్రలో కాస్తయినా నిజం ఎక్కడుంది? దీన్ని మనవాళ్ల మధ్య కూర్చుని, మన నోటితోనే ఒప్పుకోవాలి. తర్వాత అందరూ ఒకచోట చేరాక ఒకరు లేచి ఆ చార్టుని అవతలివాళ్ల ముందు చదువుతారు. ఎదుటివాడు వేలెత్తి చూపాల్సిన లోపాన్ని వాడికంటే ముందు మనమే చెప్పేశాక, వాడికి పోట్లాడ్డానికి పట్టు దొరకదు. భార్యాభర్తల తగువులో పనిచేసే సూత్రమే ఇది.

ముద్రలతోనే ఎందుకు మొదలెట్టాలి అంటే, రోగం చాలా భాగం అక్కడే ఉంది కాబట్టి. రాజకీయ శాస్త్రవేత్తలు డగ్లస్ ఆహ్లర్, గౌరవ్ సూద్ 2018లో ప్రచురించిన పరిశోధన చూడండి. రిపబ్లికన్లలో ఏడాదికి రెండున్నర లక్షల డాలర్లకు పైన సంపాదించేవాళ్లు ఎంతమంది అని అడిగితే జనం వేసిన సగటు అంచనా 38 శాతం. అసలు లెక్క 2 శాతం. డెమొక్రాట్లలో స్వలింగ, ద్విలింగ ప్రియులు 32 శాతం అనుకున్నారు. ఉన్నది 6 శాతం. విధానాల మీద విభేదం ఒకటైతే, లేని మనిషిని ఊహించుకుని వాణ్ణి ద్వేషించడం ఇంకొకటి. ఈ రెండోది ఇంటి గడప దాకా వచ్చేసింది. తమ బిడ్డ అవతలి పార్టీవాళ్లని పెళ్లాడితే నొచ్చుకుంటామన్నవాళ్లు 1960లో రెండు పార్టీల్లోనూ ఐదు శాతం దాటలేదు. 2010కి రిపబ్లికన్లలో దాదాపు సగం, డెమొక్రాట్లలో మూడో వంతు ఆ మాటన్నారు.

రెండో అంశాన్ని ఫిష్‌బౌల్ అంటారు. ఒక జట్టు మధ్యలో గుండ్రంగా కూర్చుంటుంది, రెండో జట్టు చుట్టూ కూర్చుని వింటుంది, అంతే. మధ్యవాళ్లకి రెండు ప్రశ్నలు: మీ పక్షం విలువలు, విధానాలు దేశానికి ఎందుకు మేలు? మీ పక్షం గురించి మీకే ఉన్న అసంతృప్తి ఏమిటి? మోడరేటర్ పనితనం తేలేది ఇక్కడే. రెండో ప్రశ్నకి "మావాళ్లు మరీ మెతక, గట్టిగా పోట్లాడరు" అని జవాబిచ్చి తప్పించుకునేవాళ్లుంటారు. అది ఆత్మవిమర్శ కాదు, ముసుగేసుకున్న సొంత డబ్బా. దాన్ని మెల్లగా పట్టుకుని మళ్లీ అడగలేని మోడరేటర్ ఉంటే ఈ అంశం వట్టిపోతుంది.

తర్వాతిది ప్రశ్నల అంశం. అవతలివాళ్లని అడగాల్సిన ప్రశ్నల్ని జట్టు ముందే తయారు చేసుకుంటుంది. "మీకు పిల్లల ప్రాణాలకంటే తుపాకులే ఎక్కువా?" అన్నది ప్రశ్న రూపంలో ఉన్న తిట్టు. "తుపాకీ కొనేవాళ్ల పూర్వాపరాలు ఆరా తీయడంలో మీకు ఎంతవరకు సమ్మతం, ఎక్కడ అభ్యంతరం?" అన్నది ప్రశ్న. మొదటిదాన్ని రెండోదిగా చెక్కడానికే సమయమంతా పోతుంది. పోనివ్వాలి, నేర్చుకునేది అక్కడే. పొట్టి రకంలో సమయం చాలక నలిగిపోయేదీ ఇదే.

ఇవే మెళకువల్ని విడిగా నేర్పే వర్క్‌షాప్ ఇంకోటుంది. అందులో నాలుగు మెట్లు: వినడం, విన్నది మన మాటల్లో తిరిగి చెప్పడం, "నా వైపు నుంచి చెప్పనా?" అని మలుపు తిప్పడం, ఆ తర్వాతే మన అభిప్రాయం. మూడో మెట్టుని ఎగరేస్తే మాట వాదనలోకి జారుతుంది. చూడ్డానికి అది వట్టి మర్యాదలా ఉంటుంది గానీ, అవతలివాడు వినడానికి సరేనన్నాడన్న ఒప్పందం కుదిరేది దానితోనే.

ఇక లోపాలు. మొదటిది హాజరు. బ్లూలు సులువుగా దొరుకుతారు, రెడ్లు దొరకరు. ఇది సంస్థ కూడా దాచుకోని ఇబ్బంది. సంఖ్య సమానం కాకపోతే ఫిష్‌బౌల్ కాస్తా బోనులా తయారవుతుంది. నిర్వాహకులు రెడ్ల కుర్చీలు నిండాకే బ్లూలకి తలుపు తెరవడం మేలు. అసలు ఇలాంటిచోటికి వచ్చేవాళ్లు సగం మెత్తబడి వచ్చేవాళ్లే. మంట మీదున్నవాడు రాడు. రెండోది, ఏ పార్టీకీ చెందమని సర్వేల్లో చెప్పుకునే అమెరికన్లు నలభై శాతం పైమాటే. వాళ్లు ఎటు మొగ్గుతారో అడిగి ఏదో ఒక రంగు కుర్చీలో కూర్చోబెట్టడం ఎబ్బెట్టుగా ఉంటుంది. మూడోది నిలకడ. కాలేజీల్లో చేసిన ఒక క్షేత్ర ప్రయోగంలో వర్క్‌షాప్ వల్ల వైరం తగ్గిన మాట నిజమేనని తేలింది, అయితే అందులో కొంత ప్రభావం రోజులు గడిచేకొద్దీ పలచబడింది. ఒక్కసారి వెళ్లి వదిలేస్తే తాటాకు మంటే.

నాలుగోది లోపం అనాలో హద్దు అనాలో గానీ, చెప్పకపోతే రివ్యూ పూర్తికాదు. గదిలో మనసులు కుదుటపడినా, బయట వాటిని రాజేసే యంత్రాలు ఆగవు. జాతి వివక్షని నిషేధించిన 1964 పౌరహక్కుల చట్టానికి సెనేట్‌లో 46 మంది డెమొక్రాట్లు, 27 మంది రిపబ్లికన్లు ఓటేశారు. వ్యతిరేకించిన 27 మందిలో 21 మంది డెమొక్రాట్లే, ఎక్కువగా దక్షిణాదివాళ్లు. అంటే అప్పట్లో రెండు పార్టీల్లోనూ రెండు రకాలవాళ్లూ ఉండేవారు. ఆ చట్టం తర్వాతి దశాబ్దాల్లో దక్షిణాది శ్వేతజాతి ఓటర్లు రిపబ్లికన్ల వైపు జరిగారు. జాతి, మతం, ఊరు, చదువు అన్నీ పార్టీతో ఒకే వరసలోకి వచ్చాయి. ఓడిపోతే ఎన్నిక ఓడినట్టు కాకుండా ఇల్లు పోయినట్టు అనిపించడానికి మూలం ఇదే. తమాషా ఏమిటంటే, 1950లో అమెరికా రాజకీయ శాస్త్రవేత్తల సంఘం కమిటీ ఒకటి, పార్టీల మధ్య తేడా చాలట్లేదని ఫిర్యాదు చేస్తూ నివేదిక ఇచ్చింది!

మీడియా మీద నెట్టేసేవాళ్లు 1987లో రద్దయిన ఫెయిర్‌నెస్ డాక్ట్రిన్‌ని తప్పక ఎత్తుతారు. వివాదాస్పద విషయాల్లో రెండు వైపుల వాదనలకీ చోటివ్వాలన్న ఆ నియమం లైసెన్సు తీసుకుని ప్రసారం చేసే రేడియో, టీవీ స్టేషన్లకి. రేడియోలో ఒకవైపు వాదనతోనే సాగే రాజకీయ కార్యక్రమాల జోరు విషయంలో ఆ వాదనకి బలముంది. 1996లో మొదలైన ఫాక్స్ న్యూస్, ఎంఎస్‌ఎన్‌బీసీ (2025 నుంచి ఎంఎస్ నౌ) కేబుల్ ఛానళ్లు కాబట్టి, నియమం బతికున్నా వాటిని పట్టుకునేదని చెప్పలేం. అధికారంలో ఉన్న పార్టీ తన లాభం కోసం గీసుకునే నియోజకవర్గాల గీతలూ అంతే. అలా పార్టీ లాభం కోసం గీసినవాటి మీద ఫెడరల్ కోర్టులు తీర్పు చెప్పలేవని 2019లో సుప్రీంకోర్టు తేల్చేసింది, నష్టం పెద్దదే. కానీ సెనేట్‌కి గీయడానికి గీతల్లేవు, రాష్ట్రం మొత్తం ఒకే నియోజకవర్గం. అయినా అక్కడా అదే చీలిక. పార్టీ అభ్యర్థిని ఎంచే ప్రైమరీల్లో ఓటేసేది తక్కువమంది, అక్కడ సొంత పార్టీ గట్టివాళ్లకి భయపడే సభ్యుడు ప్రతినిధుల సభలోనూ సెనేట్‌లోనూ ఉన్నాడు.

వీటిలో ఒక్కదాన్ని కూడా ఈ వర్క్‌షాప్ ముట్టుకోదు, ముట్టుకుంటానని చెప్పుకోదు కూడా. అందుకని దీన్నుంచి ఎన్నికల సంస్కరణ ఆశించేవాళ్లు వెళ్లనక్కర్లేదు. చర్చి సంఘం, స్కూల్ బోర్డు, లైబ్రరీ కమిటీ లాంటివి, అంటే రేపు కూడా ఆ మనుషులతోనే పని చెయ్యక తప్పనివాళ్లు తప్పకుండా పెట్టించుకోవాలి. వాళ్లకి రోజంతా నడిచేదే సరిపడుతుంది. థాంక్స్‌గివింగ్ పండగ భోజనాల దగ్గర మామయ్యతో పేచీ మాత్రమే సమస్య అయితే ఇంత సరంజామా దండగ. కుటుంబాల కోసం వాళ్లే నడిపే చిన్న వర్క్‌షాప్ ఉంది, దానికి వెళ్తే చాలు. దేనికి పేరు నమోదు చేసుకున్నా ముందు రోజు ఒక కాగితం తీసుకుని ఆ మూడో గడిని ఒంటరిగా నింపి చూసుకోండి. రెండు వాక్యాలైనా రాకపోతే, ప్రస్తుతానికి పరిశీలకుల కుర్చీ అడగండి.