స్క్రూలు బిగించాక వెనక్కి తీసుకోరు: స్కేట్స్ మార్చబోయే పెద్దవాళ్లకు జాగ్రత్త

పెద్ద వయసులో ఫిగర్ స్కేటింగ్ మొదలుపెట్టి, ఇప్పుడు బూట్లు, బ్లేడ్లు మార్చాలా వద్దా అని ఊగిసలాడుతున్నవాళ్లు ఇది చదివాకే షాపుకి వెళ్లండి. షాపు పేరు రాయను. తప్పులో సగం నాదే కాబట్టి అడగొద్దు కూడా.

నేను మొదలుపెట్టి మూడేళ్లయింది. వారానికి రెండు రోజులు, రోజుకి గంట. జంపుల్లో వాల్ట్జ్ జంప్, సాల్కోవ్, టో లూప్ వస్తాయి. లూప్ అనే ఇంకో జంప్ ఒకరోజు వస్తుంది, ఒకరోజు మొండికేస్తుంది. నా మొదటి జత మెత్తటి బూట్లు. వాటికి చీలమండ దగ్గర లోతుగా మడత పడింది, లేసులు ఎంత బిగించినా పది నిమిషాలకే వదులైపోయేవి. జంప్ దిగేటప్పుడు కుడి కాలు లోపలికి ఒరుగుతోందని కోచ్ కూడా అన్నారు. కాబట్టి బూట్లు మార్చాలనుకోవడం తప్పు కాదు. ఏం కొన్నాను, ఎలా కొన్నాను అన్న దగ్గరే దెబ్బతిన్నాను.

షాపులో అతను అడిగినవి రెండే ప్రశ్నలు. జంప్స్ చేస్తారా? మామూలు షూ సైజు ఎంత? పాదం కొలవలేదు. వారానికి ఎన్ని గంటలు ఐస్ మీద ఉంటానో కనుక్కోలేదు. పాత బూట్లు నా సంచిలోనే ఉన్నాయి, తీసి చూపించమని కూడా అనలేదు. "పెద్దవాళ్లకి బరువుంటుంది కదండీ, ఎంత గట్టి బూటు తీసుకుంటే అంత మంచిది. ఇంక మళ్లీ కొనే పనుండదు" అన్నాడు. ఆ చివరి మాటకే పడిపోయాను. ట్రిపుల్ జంప్స్ (గాలిలో మూడు చుట్లు తిరిగేవి) చేసేవాళ్ల కోసం తయారైన బూట్లు, వాటికి తగ్గ పైరకం బ్లేడ్లు, రెండూ ఒకేసారి తీసుకున్నాను. బయటికెళ్లి ఫోన్ మాట్లాడి వచ్చేసరికి బ్లేడ్లు పెట్టి స్క్రూలన్నీ బిగించేశాడు.

మొదటి రోజు ఐస్ మీద అడుగుపెడితే సిమెంటులో కాళ్లు దిగేసినట్టుంది. మోకాలు వంగాలంటే చీలమండ దగ్గర బూటు కొంచెమైనా ముందుకి వంగాలి. ఇది వంగదు. మోకాలు వంగకపోతే నడుం వంగుతుంది, బరువు మడమల మీదికి పోతుంది. ఇక ఒక కాలి మీదుగా ఇంకో కాలు వేసే మామూలు క్రాస్ఓవర్ కూడా భయమే. నిన్నటిదాకా వచ్చిన టో లూప్ పోయింది. కొత్త బూట్లు కదా, అలవాటు కావాలి అని అందరూ అన్నారు, నేనూ అనుకున్నాను. రెండు నెలలైనా అలవాటు కాలేదు. రోజూ గంటలకొద్దీ డబుల్స్, ట్రిపుల్స్ దిగేవాళ్ల దెబ్బలకి తట్టుకోవాలని చేసిన బూటు, వారానికి రెండు గంటలు సింగిల్స్ చేసుకునే నా కాళ్లకి ఎప్పుడు లొంగుతుంది? ఈలోపు లేసులు ఒత్తుకుని చీలమండ ముందు నరం (టెండన్, కండరాన్ని ఎముకకి కలిపేది) వాచింది. పొద్దున్నే మెట్లు దిగాలంటే రెయిలింగ్ పట్టుకుని, పక్కకి తిరిగి, ఒక్కో మెట్టూ దిగాల్సి వచ్చేది. ఆరు వారాలు స్కేటింగ్ బంద్.

అతను చెప్పిన బరువు సంగతి పూర్తిగా అబద్ధమూ కాదు. అదే తంటా. 75 కిలోల మనిషి సాల్కోవ్ చేస్తే బూటు మీద పడే దెబ్బా, 30 కిలోల పిల్ల అదే సాల్కోవ్ చేస్తే పడే దెబ్బా ఒకటి కావు. కంపెనీల పట్టికల్లో సింగిల్స్‌కి ఇది, డబుల్స్‌కి అది అని ఉంటుంది. బరువున్న పెద్దవాళ్లు అందులో ఒక మెట్టు పైకి వెళ్లడం సబబే. నన్ను ఏకంగా మూడు మెట్లు ఎక్కించారు.

సైజు ఇంకో కథ. స్కేటింగ్ బూటు సైజుకీ మామూలు షూ సైజుకీ పొంతన ఉండదు. ఎక్కువమందికి స్కేటింగ్ బూటు చిన్న సైజే వస్తుంది, అది కూడా కంపెనీని బట్టి మారుతుంది. రెండు పాదాల మీదా బరువు పెట్టి నిలబడినప్పుడు పొడవు, వెడల్పు మిల్లీమీటర్లలో కొలవాలి. ఇంట్లో చేసుకోగల పరీక్ష ఒకటుంది. బూటులోంచి ఇన్‌సోల్ (పాదం కింద ఉండే అట్ట) బయటికి తీసి దానిమీద నిలబడండి. వేళ్ల ముందు బొటనవేలంత ఖాళీ కనిపిస్తే అది మీ బూటు కాదు. లేసు కట్టాక నిటారుగా నిలబడితే వేళ్లు ముందు భాగాన్ని తేలిగ్గా తాకాలి, మోకాళ్లు వంచితే కాస్త వెనక్కి రావాలి. మడమ మాత్రం లేవకూడదు. నాది లేచేది. లేచేకొద్దీ ఇంకా గట్టిగా లేసు లాగేదాన్ని, నరం వాపుకి సగం కారణం అదే.

అన్నిటికంటే ముఖ్యమైనది స్క్రూల సంగతి. ఒంటికాలి మీద గ్లైడ్ చేస్తే ఎడమ బూటు ఎప్పుడూ బ్లేడ్ లోపలి ఎడ్జ్ (అంచు) మీదికే ఒరిగిపోయేది. నా బ్యాలెన్సే బాగోలేదనుకుని నెలరోజులు తిట్టుకున్నాను. ఒకరోజు కోచ్ ఆ బూటుని బల్ల మీద బోర్లా పెట్టి మడమ వైపు నుంచి చూడమన్నారు. బ్లేడ్ తోక సోల్ మధ్యలో లేదు, రెండు మూడు మిల్లీమీటర్లు బయటి వైపుకి ఉంది! కాలు లోపలికి ఒరగడానికి అంత చాలు. బ్లేడ్ పలకకి గుండ్రటి రంధ్రాలతో పాటు కోలగా సాగిన రంధ్రాలు కూడా ఉంటాయి. అవి ఇందుకే. మొదట వాటిలో కొన్ని స్క్రూలే వేసి, నాలుగైదుసార్లు స్కేట్ చేసి, అవసరమైతే బ్లేడ్‌ని అటూ ఇటూ జరిపి, సరిపోయిందన్నాకే గుండ్రటివి బిగిస్తారు. నాకు మొదటి రోజే అన్నీ బిగించారు. ఇప్పుడు జరపాలంటే కొత్త రంధ్రం పాతదాని అంచులోకే వస్తుంది, స్క్రూ పట్టదు. పాతవి పూడ్చి మళ్లీ వేయాలి. షాపుకి తీసుకెళ్తే "సోల్‌కి చిల్లులు పడ్డాయి కదండీ, వెనక్కి తీసుకోం" అన్నారు. ఎవరు పెట్టిన చిల్లులవి?

బ్లేడ్ మార్చడం కూడా అనవసరమని తర్వాత తెలిసింది. బ్లేడ్ అడుగు తిన్నగా ఉండదు, పెద్ద వృత్తంలో ముక్కలా ఉంటుంది. దాన్నే రాకర్ అంటారు. కొరోనేషన్ ఏస్ అనే బ్లేడ్ రాకర్ 7 అడుగులు (ఆ వృత్తం వ్యాసార్థం), ప్యాటర్న్ 99ది 8 అడుగులు. రెండూ మంచి బ్లేడ్లే. కానీ ఒకదాని నుంచి ఇంకోదానికి వెళ్తే స్పిన్‌లో నిలబడే చోటు మారుతుంది, టో పిక్ (బ్లేడ్ ముందుండే పళ్లు) ఐస్‌ని పట్టే తీరు మారుతుంది. బూటూ బ్లేడూ ఒకేసారి మారిస్తే ఏది ఇబ్బంది పెడుతోందో మీకే కాదు, కోచ్‌కీ అంతుపట్టదు. సానపట్టీ సానపట్టీ అంచు దగ్గరి స్టీల్ అరిగిపోవస్తేనో, సానపట్టినవాడు టో పిక్ కింది పన్ను కోసేస్తేనో బ్లేడ్ మార్చండి. నా పాత బ్లేడ్లకి ఇంకా బోలెడు స్టీల్ ఉంది.

బూట్లకి మాత్రం వయసు చూడకండి. లేసులు విప్పి బల్ల మీద నిలబెట్టండి. పైభాగం ఒక పక్కకి వాలిపోతోందా, మడత దగ్గర వేలితో నొక్కితే అట్టముక్కలా లొంగిపోతోందా, తడికి సోల్ మెత్తబడి స్క్రూలు వదులవుతున్నాయా చూడండి. ఇవేవీ లేకుండా "మీ లెవెల్‌కి ఇది చాలదండీ" అంటే మాత్రం వెంటనే కార్డు తీయకండి.

ఇప్పుడు వేరేచోట పాదాలు కొలిపించుకుని, పాత బూట్ల కంటే ఒక్క మెట్టు గట్టివి తీసుకున్నాను. పొడవు పాతవాటంతే వచ్చింది కాబట్టి పాత బ్లేడ్లే వాటికి ఎక్కించారు, ప్రస్తుతానికి కొన్ని స్క్రూలతోనే. వచ్చే వారం మళ్లీ చూసి జరుపుతామన్నారు. ఆ గట్టి జత అటక మీద ఉంది. నిజంగా ట్రిపుల్స్ చేసే స్నేహితురాలి కూతురికి పనికొస్తుందేమోనని ఇచ్చి చూశాను. తిరగేసి ఎడమ సోల్ చూసి, ఏమీ అనకుండా తిరిగిచ్చేసింది.