నిలువు చెక్కదీపానికి టూ కోర్ వైరా, త్రీ కోర్ వైరా?

బొబ్బిలి వీణలకు వాడే పనస కర్రతోనే విజయనగరంలోని మా ఇంటికి ఒక నిలువు దీపం చేసుకున్నాను. దానికి లోపల రెండు తీగలుండే టూ కోర్ వైరు వేయాలా, ఎర్తు కోసం మూడో తీగ కూడా ఉండే త్రీ కోర్ వేయాలా అన్నది ప్రధానంగా హోల్డరును బట్టి తేలవలసిన విషయం.

బేకలైట్ (కరెంటు పారని గట్టి ప్లాస్టిక్) హోల్డరు పెట్టి, చేతికి తగిలే లోహపు భాగమేదీ లేకుండా బిగిస్తే టూ కోర్ సరిపోతుంది. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బుకు 0.75 చదరపు మిల్లీమీటర్ల వైరు కావలసినదానికన్నా ఎక్కువే. అయితే టూ పిన్ ప్లగ్గు ఎటు తిప్పి గుచ్చినా సాకెట్టులో దిగుతుంది. అది తిరగబడితే వైరు మీది స్విచ్చు ఫేజుకు (కరెంటు తెచ్చే తీగకు) బదులు న్యూట్రలును (దాన్ని తిరిగి తీసుకెళ్లే తీగను) తెంచుతుంది కనుక, దీపం ఆరినా హోల్డరులో 230 వోల్టులు అలాగే ఉంటాయి. అందుకే టూ కోర్ వైరుకైనా నేను ఒక్క వైపే దిగే త్రీ పిన్ ప్లగ్గే బిగిస్తాను.

ఇత్తడి హోల్డరు, ఇనుప గొట్టం వాడితే మాత్రం త్రీ కోర్ తప్పదు. నేను మొదటిసారి బిగించినప్పుడు వెంట్రుకంత రాగి పోగు ఒకటి స్క్రూ కింద ఇమడక, ఇత్తడి అంచుకు గోరంత దూరంలో నిలిచిపోయింది. అది తాకి ఉంటే హోల్డరంతా కరెంటు పారేది. మూడోదైన ఆకుపచ్చ తీగను ఇత్తడికి, ప్లగ్గులోని పెద్ద పిన్నుకు కలిపితే, ఇంటి ఎర్తింగ్ సరిగా ఉన్నంతవరకు, ఆ కరెంటు భూమికి పోయి ఫ్యూజు కాలుతుంది.

ఏ వైరైనా దీపం అడుగున క్లిప్పుతో బిగించి, చెక్క కన్నం అంచును ఉప్పు కాగితంతో నున్నగా రుద్దాలి.