మసాచుసెట్స్ ఇంట్లో కట్టెల ఫైర్‌ప్లేస్: ఏళ్ల తరబడి వాడాక

మాది ఊస్టర్ దగ్గర 1960లలో కట్టిన ఇల్లు. హాల్లో ఇటుకల ఫైర్‌ప్లేస్ ఉంది. దాని చిమ్నీ ఇంటి బయటి గోడను ఆనుకుని పైకి వెళ్తుంది. మొదట్లో చాలాకాలం దాన్ని ఉన్నది ఉన్నట్టుగానే, ముందు తలుపేమీ లేకుండా వాడాం. తర్వాత అందులో గాజు తలుపున్న ఇనప స్టవ్, అంటే ఇక్కడివాళ్లు ఇన్‌సర్ట్ అనేది, దానికి చిమ్నీ పొడవునా స్టెయిన్‌లెస్ స్టీల్ లైనర్, అంటే పొగ పోయే లోపలి గొట్టం, పెట్టించాం. ఇక్కడ ఇల్లు కొంటున్న మనవాళ్లు చాలామంది "ఫైర్‌ప్లేస్ ఉంది, వాడుకోవచ్చా, ప్రమాదమా?" అని అడుగుతుంటారు. రెండు పద్ధతులూ బాగా వాడాం కాబట్టి వివరంగా రాస్తున్నాను.

తలుపు లేని ఫైర్‌ప్లేస్‌కు అందంలో సాటి లేదు. వేడికి మాత్రం అది పనికిరాదు. కట్టెల్లో ఉన్న వేడిలో పదో వంతు గదిలోకి వస్తే ఎక్కువ. మిగతాదంతా చిమ్నీలోంచి పోతుంది, పోతూ పోతూ ఇంట్లోని వెచ్చటి గాలినీ లాక్కుపోతుంది. 2011 అక్టోబరు చివర్లో చెట్ల ఆకులు ఇంకా రాలకముందే బరువైన మంచు పడింది. కొమ్మలు విరిగి తీగల మీద పడి మసాచుసెట్స్‌లో, కనెక్టికట్‌లో లక్షల ఇళ్లకు కరెంటు పోయింది. మాకూ పోయింది. రోజంతా కట్టెలు వేస్తూనే ఉన్నాం. మంట ముందు కూర్చున్నవాళ్లకు మొహం కాలుతోంది, వంటింట్లో ఉన్నవాళ్లకు వేళ్లు కొంకర్లు పోతున్నాయి. ఇన్‌సర్ట్ పెట్టించాలన్న ఆలోచన అప్పుడే పుట్టింది.

ఇన్నేళ్లలో నాకు అర్థమైంది ఏమిటంటే, చిమ్నీ భద్రతంతా ఒక్క విషయం మీద నడుస్తుంది: పొగ బయటపడేలోపు చల్లబడకూడదు. పొగలో నీటి ఆవిరితో పాటు సరిగా కాలని తారు ఆవిర్లు ఉంటాయి. చిమ్నీ లోపలి గోడ సుమారు 250 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే చల్లగా ఉంటే అవి గోడకు పట్టి గడ్డకడతాయి. దీన్నే క్రియోసోట్ అంటారు. మొదట పొడి మసిలా ఉంటుంది, బ్రష్‌తో రాలిపోతుంది. తర్వాత గట్టి పెచ్చులు కడుతుంది. అలాగే వదిలేస్తే పాకం పోసినట్టు నల్లగా మెరిసే పూత అవుతుంది, అది మామూలు బ్రష్‌కు రాదు. దానికి నిప్పు అంటుకుంటే చిమ్నీ లోపల వేడి 2000 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా పోగలదు. లోపలి మట్టి పలకలు పగిలి, ఆ సెగ చుట్టూ ఉన్న చెక్కకు తగులుతుంది. రైలు వస్తున్నట్టు హోరు వినిపిస్తుందంటారు, కానీ ఏ చప్పుడూ లేకుండా నెమ్మదిగా కాలిపోయే చిమ్నీ మంటలూ ఉంటాయి. నాకు ఎక్కువ భయం వాటి గురించే. ఇంట్లోవాళ్లకు తెలియకుండానే పలకలు పగిలి ఉంటాయి.

మా చిమ్నీ బయటి గోడకు ఉంది కాబట్టి చలికాలమంతా అది మంచులో నానుతూ ఉంటుంది. పైగా పాత ఫైర్‌ప్లేస్ గొట్టం చాలా వెడల్పు. స్టవ్‌నుంచి వచ్చే కొద్దిపాటి పొగ అంత పెద్ద గొట్టంలో నెమ్మదించి చల్లారిపోతుంది. అందుకే ఆరు అంగుళాల లైనర్ వేసి, దాని చుట్టూ వేడిని పట్టి ఉంచే దుప్పటి లాంటిది చుట్టించాం. ఖర్చు తగ్గుతుందని లైనర్ లేకుండా ఇన్‌సర్ట్‌ను పాత ఫైర్‌ప్లేస్‌లోకి నెట్టేయించుకున్న ఇళ్లు నేను చూశాను. దయచేసి అలా చేయకండి. స్టవ్ ధర కంటే ముందు లైనర్ ధర అడగండి.

ఇక కట్టెలు. మన ఊళ్లలో పొయ్యి ముందు కూర్చున్న ఎవరికైనా పచ్చి కట్టె ఎలా ఏడిపిస్తుందో తెలుసు. ఇక్కడా అంతే, కాకపోతే ఆ పొగ కళ్లలోకి కాకుండా చిమ్నీ గోడలకు పడుతుంది. నీళ్లు ఆవిరి చేయడానికే మంట వేడి ఖర్చయి, పొగ చల్లగా పైకి పోతుంది. కట్టెలో తేమ 20 శాతం లోపు ఉండాలి. అమ్మేవాళ్లు "ఎండినవే" అనే చెప్తారు. ఒకసారి అలా దింపించుకున్న ఓక్ కట్టెను చీల్చి లోపలి ముఖం మీద మీటర్ పెడితే 30 దాటింది. పైపైన చూస్తే మాత్రం పగుళ్లు తేలి బాగా ఎండినట్టే కనిపించింది. తేమ మీటర్ ముప్పై డాలర్ల లోపే దొరుకుతుంది. ఈ మొత్తం వ్యవహారంలో నేను కొన్న వస్తువుల్లో దానికే మొదటి మార్కు వేస్తాను. కట్టెను అప్పటికప్పుడు చీల్చి, చీల్చిన ముఖం మధ్యలో కొలవాలి, బెరడు మీద కాదు.

మేపుల్, యాష్ కట్టెలు చీల్చి పేర్చితే ఏడాదిలో దారికొస్తాయి. ఓక్‌కు రెండు వేసవులు కావాలి. అందుకని మేము వచ్చే చలికాలానికి కాకుండా ఆ తర్వాతి చలికాలానికి కొంటాం. ఇక్కడ కట్టెల కొలత కార్డ్, అంటే 128 ఘనపుటడుగులు. లారీ నుంచి కుప్పగా పోసినప్పుడు అది తేలదు, పేర్చి కొలిస్తేనే సరిగ్గా తెలుస్తుంది. నేలకు తగలకుండా కింద చెక్కలు వేసి, పైన మాత్రమే కప్పి, పక్కలు గాలికి వదిలేయాలి. చుట్టూ టార్పాలిన్ బిగిస్తే తేమ లోపలే ఉండిపోతుంది.

రాత్రంతా నిలవాలని స్టవ్‌లో గాలి పూర్తిగా తగ్గించి పడుకోవడం చాలా ఇళ్లలో అలవాటు. మంట ఆరిపోయి కట్టె లోలోపల మగ్గుతుంటే క్రియోసోట్ అన్నిటికంటే ఎక్కువ పడుతుంది. గాజు తలుపు నల్లబడుతోందంటే లోపల అదే జరుగుతోందని అర్థం. స్టవ్ మీద అయస్కాంతపు థర్మామీటర్ ఒకటి పెట్టుకుని, తక్కువ కట్టెలతో గట్టి మంట పెట్టడం మేలు.

మనవాళ్ల ఇళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. పోపు ఘాటుకు అందరం వంటింట్లో పెద్ద ఎగ్జాస్ట్ హుడ్ పెట్టించుకుంటాం. తలుపులన్నీ బిగించిన ఇంట్లో అది గట్టిగా గాలి లాగితే, ఆ గాలి ఎక్కడో ఒకచోటినుంచి రావాలి కదా, చిమ్నీలోంచి వస్తుంది. పొగ వెనక్కి తిరిగి హాల్లోకి దిగుతుంది. మంట ఉన్నప్పుడు హుడ్ వేయాల్సి వస్తే కిటికీ కొంచెం తెరవండి. అలాగే భోగి రోజు పాత కుర్చీ ముక్కలు ఫైర్‌ప్లేస్‌లో వేస్తామని కొందరంటారు. రంగు, వార్నిష్ వేసిన చెక్క, ప్లైవుడ్, రసాయనాలు పట్టించిన డెక్ చెక్క ఇంట్లో కాల్చకూడదు, ఆ పొగ విషం. పిడకల దండలకు పెరట్లో ఫైర్‌పిట్ ఉంటే అందులో, అదీ మీ ఊరి ఫైర్ డిపార్ట్‌మెంట్ నియమాలు చూసుకుని, వేయండి.

శుభ్రం చేయించడం ఏటా జరగాల్సిందే. అమెరికాలో చిమ్నీలకు ప్రమాణంగా చూసే ఎన్‌ఎఫ్‌పీఏ 211 ఏడాదికోసారి తనిఖీ చేయించమంటుంది. మసి ఎనిమిదో వంతు అంగుళం పడితే తీయించాలి. కాలిస్తే మసి పోతుందని అమ్మే దుంగలు వాడి చూశాను. కొంత మసి ఎండి రాలుతుంది, అంతే. బ్రష్ పని అవి చేయవు. అక్టోబరులో ఎవరూ దొరకరు, అందుకని మేము ఆగస్టులోనే పిలుస్తాం. ఒకవేళ చిమ్నీలో స్విఫ్ట్ పిట్టలు గూడు పెట్టి ఉంటే, అవి చట్టం కాపాడే వలస పక్షులు, పిల్లలు ఎగిరిపోయేదాకా ఆగాల్సిందే. పైన జాలీ ఉన్న మూత పెట్టిస్తే ఆ సమస్య రాదు, వానా లోపలికి దిగదు.

తక్కువ ధర కూపన్‌తో వచ్చిన ఒక కంపెనీ మనిషి పావుగంటలో పని ముగించి, "లోపలంతా పగిలిపోయింది, వేల డాలర్లవుతుంది" అని టెన్షన్ పెట్టాడు. వీడియో చూపించమంటే చూపించలేదు. తర్వాత చిమ్నీ పనివాళ్లకు సర్టిఫికెట్లిచ్చే సీఎస్‌ఐఏ అనే సంస్థ గుర్తింపు ఉన్న మరొకాయన కెమెరా దింపి ప్రతి అతుకూ మాకు చూపించాడు. పైన సిమెంటు కప్పులో చిన్న పగులు తప్ప ఏమీ లేదు. కెమెరా బొమ్మ చూడకుండా పెద్ద రిపేరుకు ఒప్పుకోకండి. ఇల్లు కొనేటప్పుడు మామూలు హోమ్ ఇన్‌స్పెక్షన్ సరిపోదు, లెవెల్ 2 చిమ్నీ తనిఖీ, అంటే కెమెరా దింపి లోపలంతా చూసేది, విడిగా అడగండి.

బూడిద గురించి చాలామంది పట్టించుకోరు. నివురు గప్పిన నిప్పు అన్నది ఇక్కడ అక్షరాలా నిజం. పైకి చల్లారినట్టున్న బూడిదలో కణికలు రోజుల తరబడి బతికి ఉంటాయి. మూత ఉన్న ఇనప బకెట్లోనే తీయాలి. దాన్ని చెక్క డెక్ మీదో గరాజ్‌లోనో కాక, ఇంటికి కనీసం పదడుగుల దూరంలో నేల మీద పెట్టాలి. పేపర్ సంచి, వాక్యూమ్ క్లీనర్ దగ్గరికి రానివ్వొద్దు. కణికలు పూర్తిగా ఆరకముందే డ్యాంపర్, అంటే చిమ్నీ దారిని మూసే ఇనప రేకు, మూసేస్తే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఇంట్లోకి వస్తుంది, దానికి వాసన ఉండదు. ప్రతి అంతస్తులో, పడకగదుల దగ్గర అలారం ఉండాలి, బ్యాటరీలు చూసుకుంటూ ఉండాలి.

ఇన్‌సర్ట్, లైనర్, కూలీ కలిపి మాకు ఐదు వేల డాలర్లు దాటింది. కరెంటు పోయినా కింది అంతస్తంతా వెచ్చగా ఉంటుంది, కట్టెలు కూడా ముందుకంటే చాలా తక్కువ పడతాయి. నాకు ఆ ఖర్చు న్యాయమే అనిపిస్తుంది. కట్టెలు రెండేళ్ల ముందు పేర్చుకునే స్థలం, ఓపిక లేనివాళ్లు గ్యాస్ ఇన్‌సర్ట్ వైపు చూడటం మంచిది. పెట్టించాలనుకుంటే టౌన్ బిల్డింగ్ డిపార్ట్‌మెంట్ పర్మిట్ తీసుకోండి. ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసి సంతకం పెట్టాక, ఆ కాగితం ఇన్సూరెన్స్ వాళ్లకు పంపి, ఆ తర్వాతే మొదటి కట్టె వెలిగించండి.