మూడు కిలోమీటర్ల ఆఫీసు, ఏడాది దాటిన ఆయిల్

2021 ఆగస్టులో కొన్న కారు. వెయ్యి సీసీ టర్బో పెట్రోల్. నాలుగేళ్లు దాటినా తిరిగింది 21,000 కిలోమీటర్లే. పికప్, మైలేజీ, సీట్ల గురించి ఇప్పటికే చాలామంది రాశారు కాబట్టి ఆ జోలికి వెళ్లను. నాకింకా కోపం తగ్గనిది మొదటి ఆయిల్ మార్పు దగ్గరే.

కొత్తలో మా బాబాయి ఒకటే పోరు, వెయ్యి కిలోమీటర్లకే ఆయిల్ తీసెయ్యమని. ఆయన వాల్తేరు డీజిల్ లోకో షెడ్‌లో పనిచేసి రిటైరయ్యారు. కొత్త ఇంజన్‌లో పిస్టన్ రింగులు సిలిండర్ గోడలకు, బేరింగులు షాఫ్టుకు ఒరుసుకుని సర్దుకునేటప్పుడు ఇనుప రజను వస్తుంది, అది ఆయిల్‌లోనే తిరుగుతుందని ఆయన వాదన. షోరూమ్ వాళ్లేమో వెయ్యికి చెకప్ మాత్రమే, ఆయిల్ పదివేలకు అన్నారు. నేను షోరూమ్ మాటే విన్నాను. ఆ విషయంలో ఇప్పటికీ పెద్ద బాధ లేదు. ఈ రోజుల్లో సిలిండర్లు బాగా నునుపుగా తీస్తున్నారు, పెద్ద రేణువులను ఫిల్టర్ పట్టేస్తుంది. కొన్ని కంపెనీలైతే ఫ్యాక్టరీలో పోసిన ఆయిల్‌ను తొందరపడి తీయొద్దనే చెబుతాయి.

నా బాధ కారుతో ఇచ్చిన పుస్తకంలో పదివేల పక్కనే ఉన్న ముక్క గురించి. 'పదివేల కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందొస్తే అది' అని ఉంటుంది. షోరూమ్‌లో పదివేలు అని నాలుగుసార్లు విన్నాను, ఏడాది అన్న మాట ఒక్కసారీ వినలేదు.

విశాఖలో మా ఇల్లు ఎంవీపీ కాలనీ, ఆఫీసు సిరిపురం. మూడు కిలోమీటర్లు. ఉక్కపోతకు ఏసీ వేసుకుని వెళ్తాను, ఇంజన్ సరిగ్గా వేడెక్కేలోపే ఆపేస్తాను. సాయంత్రం మళ్లీ అంతే. ఆదివారం బీచ్ రోడ్డు వరకు ఒక చుట్టు. 2022 ఆగస్టుకు 4,300 కిలోమీటర్లు అయ్యాయి. సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేస్తే, "పదివేలు కాలేదు కదా సార్, ఇంకా బోలెడు టైముంది" అన్నారు. డబ్బు మిగిలిందని సంతోషపడ్డాను కూడా.

ఆ నవంబరులో కార్తీకమాసం పిక్నిక్‌కు అరకు బయల్దేరాం. ఘాట్ రోడ్డు కదా, ముందురోజు బాబాయి వచ్చి బానెట్ ఎత్తారు. ఆయిల్ ఎంతుందో కొలిచే పుల్ల, అదే డిప్‌స్టిక్, తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి తీశారు. ఆయిల్ ఇంతకు మించకూడదని ఉండే పై గీత దాటి ఉంది.

"ఏరా, ఎవరైనా ఆయిల్ టాపప్ చేశారా?"

"లేదు బాబాయ్. కొన్నప్పటి ఆయిలే."

పుల్ల ముక్కు దగ్గర పెట్టుకుని చూసి నాకిచ్చారు. పెట్రోల్ వాసన. వేళ్ల మధ్య రాస్తే జిగురు లేదు, నీళ్లలా జారిపోతోంది. నాకు ఒక్కసారిగా టెన్షన్ పట్టుకుంది. వాడుతూ ఉంటే ఆయిల్ తగ్గుతుందని తెలుసు గానీ పెరుగుతుందని ఎప్పుడూ వినలేదు.

అప్పుడాయన చెప్పింది ఇదీ. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపు పెట్రోల్ ఎక్కువ పోసుకుంటుంది. అందులో కొంత కాలకుండా సిలిండర్ గోడలకు అంటుకుని, రింగుల పక్కనుంచి జారి కింద ఆయిల్‌లో కలుస్తుంది. సిలిండర్‌లోకే నేరుగా పెట్రోల్ చిమ్మే నా కారులాంటి టర్బోల్లో ఇది ఇంకా ఎక్కువ. బాగా దూరం నడిపితే ఆయిల్ వేడికి ఆ పెట్రోల్ ఆవిరై పోతుంది. మూడు కిలోమీటర్లకే ఆపేసేవాడి బండిలో ఆ వేడి రాదు, పెట్రోల్ అక్కడే పేరుకుంటుంది. లోకో షెడ్‌లో ఇంజన్ల నుంచి ఆయిల్ శాంపిల్ తీసి, డీజిల్ కలిసిందా, నీళ్లు కలిశాయా అని పరీక్షించేవారట. అంత పెద్ద ఇంజన్లకే అంత జాగ్రత్త ఉంటే, నేను ఏడాది పైన మూడు నెలలు పుల్ల కూడా తీసి చూడలేదు.

గదులు బుక్ చేశాం, పిల్లలు సంచులు సర్దుకున్నారు. నెమ్మదిగా నడుపుతానని మాటిచ్చి బయల్దేరాను. పెందుర్తి, కొత్తవలస, ఎస్.కోట దాటి ఘాట్ ఎక్కుతుంటే నా చెవులన్నీ ఇంజన్ మీదే. అనంతగిరి కాఫీ తోటలు అందరూ చూశారు, నేను చూడలేదు. ఇంజన్‌లోకి గాలి తోసే టర్బో చక్రం షాఫ్ట్ తిరిగేది కూడా ఆ పల్చని ఆయిల్ మీదేనన్న ఆలోచన వదల్లేదు. చిన్న శబ్దం కూడా రాలేదు, కారు బాగానే ఎక్కింది.

తిరిగొచ్చాక బండిని చదునైన చోట ఆపి, పది నిమిషాలు ఆగి పుల్ల తీశాను. రానూపోనూ 230 కిలోమీటర్లకు ఆయిల్ పై గీత కిందికి దిగింది. వాసన దాదాపు లేదు. ఎక్కడా లీకు లేదు, కింద చుక్క పడలేదు. అంటే పెరిగినదంతా పెట్రోలే, ఘాట్‌లో వేడెక్కి పోయింది. బాబాయి చెప్పింది కళ్ల ముందు రుజువైంది. నిజం చెప్పాలంటే ఆ పుల్ల చూసి నాకు ఏడుపొచ్చినంత పనైంది.

మర్నాడే వెళ్లి ఆయిల్, ఫిల్టర్ మార్పించాను. పుస్తకంలో ఉన్న గ్రేడే, బిల్లు మూడు వేల చిల్లర. కౌంటర్ దగ్గర మళ్లీ అదే మాట, "పదివేలకు రావాల్సింది సార్." పుస్తకం తెరిచి ఏడాది అన్న మాట మీద వేలు పెట్టి చూపించాను. ఆ కింద ఇంకో పట్టిక ఉంది, అదీ చదివించాను. తరచూ తక్కువ దూరాలు తిరిగితే, ట్రాఫిక్‌లో ఎక్కువసేపు ఆగుతూ నడిస్తే, దుమ్ములో, కొండదారుల్లో, ఉప్పుగాలి ఉన్నచోట తిరిగితే ఇంకా ముందే మార్చాలని. మద్దిలపాలెం సిగ్నళ్లు, పోర్టు దుమ్ము, సముద్రం, ఘాట్ రోడ్లు. మన ఊరిని చూసి రాసినట్టే ఉంది. కౌంటర్లో ఉన్న అబ్బాయి తల ఊపి ఊరుకున్నాడు.

కొన్న మొదటి ఆరు నెలల్లో సర్వీస్ బాగుందని మా ఆఫీసులో ఇద్దరి చేత అదే చోట కొనిపించాను. కారు వరకు ఆ మాట మీదే ఉన్నాను. సర్వీస్ గురించి చెప్పింది మాత్రం వాళ్లిద్దరికీ ఫోన్ చేసి వెనక్కి తీసుకున్నాను. ఒకాయన అప్పటిదాకా కిలోమీటర్లే లెక్కపెట్టుకుంటున్నాడు.

అప్పటినుంచి ఆరు నెలలకోసారి మారుస్తున్నాను, కిలోమీటర్లు చూడను. నెలకోసారి పొద్దున్నే భీమిలి దాకా వెళ్లొస్తాను, ఇంజన్ బాగా వేడెక్కాలని. ఆయిల్ మళ్లీ పై గీత దాటలేదు. పికప్ పెరిగిందా అంటే నాకేమీ తేడా తెలియలేదు. ఆ పదిహేను నెలలు ఇంజన్‌కు ఎంత హాని చేశాయో కూడా చెప్పలేను, ఇప్పటికైతే ఏ ఇబ్బందీ లేదు.

నా లెక్క అందరికీ సరిపోదు. మా తమ్ముడు మధురవాడ నుంచి అచ్యుతాపురం రోజూ వెళ్లొస్తాడు, వాడికి నాలుగు నెలల్లోనే పదివేలు వచ్చేస్తాయి. వాడు కిలోమీటర్లు చూసుకుంటే చాలు. మా బావగారిది బీఎస్6 డీజిల్, అంటే కొత్త కాలుష్య నిబంధనల ప్రకారం వచ్చిన బండి. తక్కువ దూరాలే తిరిగితే పొగలోని మసిని పట్టే ఫిల్టర్ తనను తాను శుభ్రం చేసుకునే పని మధ్యలో ఆగిపోతూ, అందుకోసం పోసిన డీజిల్ ఆయన ఆయిల్‌లోనూ కలవొచ్చు. ఆయన డిప్‌స్టిక్ ఎక్కడుంటుందో కూడా చూడలేదన్నారు. ఈ ఆదివారం బాబాయిని తీసుకుని గాజువాకలో బావగారింటికి వెళ్తున్నాను.