సెకండ్ హ్యాండ్ మైక్రోస్కోపు: 4,500 పెడితే ఏం కనబడింది

మా అమ్మాయి ప్లస్ టూ సైన్సు. దాని కోసం బరంపురంలో ఒక సైన్సు సామాన్ల కొట్టులో పాత మైక్రోస్కోపు కొని, పర్లాకిమిడి దాకా బస్సులో ఒళ్లోనే పెట్టుకుని తెచ్చాను.

ముందు తిట్లు. పెద్ద నాబ్ వదులు. 40 లెన్సు పెట్టి ఫోకస్ చేసి చెయ్యి తీస్తే, పది లెక్కపెట్టేలోపు స్లైడు పెట్టే పలక కిందకి జారి అంతా మసక. ఫోన్ చేస్తే కొట్టాయన "వాడగా వాడగా సెట్ అవుతుందమ్మా" అన్నాడు. మూడు వారాలైంది, అవ్వలేదు. నేను టైలర్ని. కుట్టుమిషను స్క్రూడ్రైవరుతో నేనే బిగించుకున్నాక కాస్త నయం. స్లైడు మీద కప్పే పల్చటి గాజు ముక్కలు, కవర్ స్లిప్పులు, కూడా ఇవ్వలేదు.

ఇంకో మాట. కణం లోపల ఉండే సన్నటి ప్రోటీను పోగుల్ని మైక్రోఫిలమెంట్లు అంటారు. "అవి కనబడతాయా?" అని అమ్మాయి అడిగితే కొట్టాయన తల ఊపాడు. శుద్ధ అబద్ధం. ఆ పోగు మందం 7 నానోమీటర్లు. ఇలాంటి మైక్రోస్కోపు ఎంత ఖరీదుదైనా దాదాపు 200 నానోమీటర్ల దగ్గరే ఆగిపోతుంది.

పోగులు కనబడలేదు గానీ వాటి పని కనబడింది. చేపల తొట్లు అమ్మే కొట్టులో 20 రూపాయలకు హైడ్రిల్లా అనే నీటి మొక్క తెచ్చి, లేత ఆకు ఒకటి తుంచి నీటిచుక్కలో పెట్టాం. మొదట చలనం లేదు. దీపం కింద పావుగంట ఉంచాక, కణం అంచు వెంట ఆకుపచ్చ గింజలు ఒకదాని వెనక ఒకటి బయల్దేరాయి. మూల మలుపులో రెండు ఇరుక్కున్నాయి. ఒకటి మెల్లగా తప్పుకుని ముందుకి పోయింది. టీ చల్లారిపోయినా నేను లేవలేదు.

"అవి వాటంతట అవి నడవట్లేదమ్మా, కింద పట్టాల్లాంటివి ఉన్నాయి" అంది అమ్మాయి. యాక్టిన్ అనే ప్రోటీను పూసల్లా చేరి, రెండు పేటలుగా పురి తిరిగితే ఆ పోగట. మయోసిన్ అనే ఇంకో ప్రోటీను కణానికి ఇంధనం లాంటి ఏటీపీని ఖర్చుపెడుతూ దాని మీద నడుస్తుంది. ఆ లాగుడికి లోపలి ద్రవం, గింజలు అన్నీ కదులుతాయి. నా రీలు దారానికి ఒకసారి పురి పడితే అంతే. దీనికి మాత్రం ఒక కొసన పూసలు చేరుతుంటే రెండో కొసన రాలిపోతుంటాయి. అమీబా పాకేది కూడా ఇలాగే, వెళ్లే వైపు కొత్త పోగులు పెరిగి పొరను ముందుకి తోస్తాయి. పొర కింద వలలా అల్లుకుని కణం ఆకారాన్ని నిలబెట్టేవీ అవే. యాక్టిన్ మొదట బయటపడింది కండరంలోనట, 1942లో, హంగరీలో స్ట్రౌబ్ అనే ఆయన చేతిలో. అంటే రోజంతా మిషను తొక్కే నా పిక్కల్లోనూ ఇదే బేరం.

అమీబా కోసం మహేంద్రతనయ ఏటి నీళ్లు రెండుసార్లు తెచ్చాం, దొరకలేదు. దొరికినా ఈ నాబ్‌తో దాని వెంట పడలేం.

ఐదుకి మూడు ఇస్తాను. కొనేవాళ్లు కొట్టులోనే 40 లెన్సు పెట్టించి, చెయ్యి వదిలేసి వంద లెక్కపెట్టండి. బొమ్మ నిలబడితేనే డబ్బు తీయండి.