ఎన్‌పీఐ రిజిస్ట్రీ, ఎన్‌యూసీసీ కోడ్ లుకప్: తొమ్మిదేళ్లుగా రోజూ వాడుతున్న బిల్లర్ రివ్యూ

అమెరికాలో ఒక చిన్న మల్టీ స్పెషాలిటీ క్లినిక్‌కి బిల్లింగ్ చేస్తాను, అంటే పేషెంట్లను చూసినందుకు బిల్లులు (క్లెయిమ్‌లు) ఇన్సూరెన్స్ వాళ్లకి పంపుతాను. తొమ్మిదేళ్లయింది. నా బ్రౌజర్‌లో పొద్దున తెరిచి సాయంత్రం దాకా మూయని ట్యాబులు రెండు. ఒకటి మెడికేర్ (ముఖ్యంగా వృద్ధులకి), మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి) అనే ప్రభుత్వ ఇన్సూరెన్స్‌ల పని చూసే సంస్థ సీఎంఎస్ వాళ్ల ఎన్‌పీఐ రిజిస్ట్రీ. ఎన్‌పీఐ అంటే డాక్టర్లు, నర్సులు లాంటి ప్రొవైడర్లకిచ్చే గుర్తింపు నంబరు. రెండోది నేషనల్ యూనిఫామ్ క్లెయిమ్ కమిటీ, అందరూ ఎన్‌యూసీసీ అంటారు, వాళ్ల టాక్సానమీ కోడ్ లుకప్. ప్రొవైడర్ ఏ రకం, ఏ స్పెషాలిటీ అన్నది చెప్పేదే టాక్సానమీ కోడ్. రెండూ ఉచితమే. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు టాక్సానమీ అనగానే టెన్షన్ పడటం చూస్తుంటాను. వాళ్ల కోసమే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇవి ఎందుకు పనికొస్తాయో ఒక సంగతి చెబితే అర్థమవుతుంది. కిందటేడు మా క్లినిక్‌లో ఒక నర్స్ ప్రాక్టీషనర్ (పై చదువు చదివి పేషెంట్లకి వైద్యం చేసే నర్సు) చేరారు. క్రెడెన్షియలింగ్ (ఇన్సూరెన్స్ వాళ్లు అర్హతలు సరిచూడటం) అయిపోయింది, ఎప్పటినుంచి బిల్ చేయొచ్చో చెప్పే ఎఫెక్టివ్ డేట్ వచ్చింది, క్లెయిమ్‌లు పంపాం. ఒక మెడికెయిడ్ ప్లాన్ వరసగా 14 క్లెయిమ్‌లు డినై చేసింది (తిరస్కరించింది). కారణం చెప్పే రిమార్క్ కోడ్ ఎన్288. అంటే రెండరింగ్ ప్రొవైడర్ (పేషెంట్‌ని చూసినవాళ్లు) టాక్సానమీ లేదు, లేదా సగమే ఉంది, లేదా చెల్లదు. ఈ మూడింటిలో ఏదో ఆ కోడ్ చెప్పదు. ఫోన్ చేస్తే 40 నిమిషాలు హోల్డ్‌లో పెట్టి, 'మీరు పంపింది మా ఫైల్‌తో కలవడం లేదు' అన్నారు. ఫైల్‌లో ఏముందని అడిగితే అది చెప్పే వీలు లేదన్నారు.

ఫోన్ పెట్టేసి రిజిస్ట్రీలో ఆవిడ ఎన్‌పీఐ పది అంకెలూ కొట్టాను. పేజీలో కిందికి వెళ్తే టాక్సానమీ పట్టిక ఉంటుంది. ప్రైమరీ అవునా కాదా, కోడ్, రాష్ట్రం, లైసెన్స్ నంబరు, అంతే. ఒక వరసలో 163డబ్ల్యూ00000ఎక్స్, రిజిస్టర్డ్ నర్స్, ప్రైమరీ దగ్గర 'యెస్'. దాని కింద 363ఎల్ఎఫ్0000ఎక్స్, ఫ్యామిలీ నర్స్ ప్రాక్టీషనర్, ప్రైమరీ దగ్గర 'నో'. చిక్కుముడి అక్కడే ఉంది. ఆవిడ ఎన్‌పీఐ తీసుకునేనాటికి నర్సు. తర్వాత చదువుకుని ప్రాక్టీషనర్ అయ్యారు, కొత్త కోడ్ చేర్పించారు, ప్రైమరీ మాత్రం మార్చలేదు. మేం క్లెయిమ్‌లో పంపింది సరైన కోడే, ప్లాన్ ఫైల్‌లోకి ఎక్కింది పాతది. ఆవిడ నా పక్కనే కూర్చుని ఎన్‌పీఐ వివరాలు మార్చుకునే సైట్ ఎన్‌పీపీఈఎస్‌లో లాగిన్ అయి ప్రైమరీ మార్చారు. ప్లాన్‌కి అప్‌డేట్ ఫారంతో పాటు రిజిస్ట్రీ పేజీ ప్రింటు జతచేసి పంపాం. 14 క్లెయిమ్‌లూ మళ్లీ ప్రాసెస్ అయ్యాయి. కానీ కొత్తగా చేరిన చోట తన పేరు మీదే డబ్బులు ఆగిపోయాయని ఆ రెండు నెలలూ ఆవిడ పడ్డ బాధ చూశాను. ఇప్పుడు ఎవరు చేరినా మొదటి రోజే ఆ పట్టిక తెరుస్తాను.

రిజిస్ట్రీలో నాకు నచ్చేది ఇదే. ఎవరినీ బతిమాలాల్సిన పని లేదు, ఎదుటివాళ్లు చూస్తున్నదే మనమూ చూడొచ్చు. వివరాలు రోజూ అప్‌డేట్ అవుతాయి. అయితే ఒకటి గుర్తుపెట్టుకోవాలి. అక్కడున్న స్పెషాలిటీ ప్రొవైడర్ తనకు తాను ఎంచుకున్నది. 15 కోడ్‌ల దాకా పెట్టుకోవచ్చు, ఒకదాన్ని ప్రైమరీ అనాలి, ఏదైనా మారితే 30 రోజుల్లో సరిచేయాలి. అంతేగాని, రిజిస్ట్రీలో కార్డియాలజీ అని కనిపించినంత మాత్రాన ఆ డాక్టర్‌కి బోర్డు సర్టిఫికెట్ ఉన్నట్టు కాదు. అది వేరే చోట చూసుకోవాలి.

ఇక ఎన్‌యూసీసీ లుకప్. కోడ్‌లు తయారుచేసేది వాళ్లే కాబట్టి, గూగుల్‌లో దొరికే పాత లిస్టుల జోలికి పోకుండా ఇక్కడే చూడండి. ఏడాదికి రెండుసార్లు కొత్త వెర్షన్ వస్తుంది, ఏప్రిల్ 1న ఒకటి, అక్టోబర్ 1న ఒకటి అమల్లోకి వస్తాయి. కోడ్‌లు మూడు మెట్లుగా అమర్చి ఉంటాయి. ముందు గ్రూపు, దాని కింద క్లాసిఫికేషన్, ఆ కింద స్పెషలైజేషన్. ఇంటర్నల్ మెడిసిన్ 207ఆర్00000ఎక్స్. అందులోనే గుండె జబ్బుల డాక్టర్ 207ఆర్‌సీ0000ఎక్స్, గుండె లయ చూసే ఎలక్ట్రోఫిజియాలజిస్ట్ 207ఆర్‌సీ0001ఎక్స్. ఒక్క అంకె తేడాతో డాక్టరే మారిపోతాడు! స్టెంట్లు వేసే ఇంటర్‌వెన్షనల్ కార్డియాలజిస్ట్‌ది 207ఆర్‌ఐ0011ఎక్స్. అందులో ఇంగ్లిష్ ఐ అక్షరం, ఒకట్లు, సున్నాలు పక్కపక్కనే ఉంటాయి. చేత్తో టైప్ చేయకండి, లుకప్‌లోంచి కాపీ చేసుకోండి. చాలా కోడ్‌ల కింద రెండు మూడు వాక్యాల నిర్వచనం కూడా ఉంటుంది. సందేహం వస్తే పేరు చూసి ఊహించకుండా అది చదివితే తేలిపోతుంది.

కొత్తవాళ్లు ఎక్కువగా తికమకపడేది మెడికేర్ దగ్గర. మెడికేర్‌కి తనదైన రెండంకెల స్పెషాలిటీ కోడ్ ఉంది. కార్డియాలజీ 06, ఇంటర్నల్ మెడిసిన్ 11, నర్స్ ప్రాక్టీషనర్ 50. అది మెడికేర్‌లో నమోదు (ఎన్‌రోల్‌మెంట్) అప్పుడు పడుతుంది, టాక్సానమీ మార్చితే దానంతటది మారదు. ఇది వట్టి కాగితం వ్యవహారం అనుకోవద్దు, డబ్బు దీని మీదే ఆధారపడి ఉంటుంది. నర్స్ ప్రాక్టీషనర్‌కి మెడికేర్ డాక్టర్ రేటులో 85 శాతమే ఇస్తుంది. న్యూ పేషెంట్ విజిట్ లెక్క కూడా దీంతోనే తేలుతుంది. మా ఇంటర్నల్ మెడిసిన్ డాక్టర్ ఏడాది క్రితం చూసిన పేషెంట్‌ని అదే గ్రూపులో కార్డియాలజిస్ట్ మొదటిసారి చూస్తే న్యూ పేషెంట్‌గా బిల్ చేయొచ్చు. అదే స్పెషాలిటీలో ఉన్న డాక్టరైతే మూడేళ్లు దాటాలి. గుండె డాక్టర్ ఎన్‌రోల్‌మెంట్ 11 కింద పడి ఉంటే ఆ విజిట్ డినై అవుతుంది, తప్పెక్కడుందో క్లెయిమ్‌లో ఎంత వెతికినా దొరకదు.

ఈ రెండు సైట్లలో నాకు లోటుగా అనిపించేది కూడా ఇక్కడే. టాక్సానమీకి ఎదురుగా మెడికేర్ కోడ్ ఏదో ఎన్‌యూసీసీ లుకప్‌లో కనిపించదు. ఆ జోడింపు పట్టిక సీఎంఎస్ వేరేగా ఇస్తుంది. దాన్ని డౌన్‌లోడ్ చేసి, మా క్లినిక్‌లో ఉన్న ప్రొవైడర్ల వరకే ఏరి ఒక షీట్ చేసుకున్నాను. కోడ్ క్లెయిమ్‌లో ఎక్కడ పెట్టాలో కూడా రెండు సైట్లూ చెప్పవు. పేపర్ క్లెయిమ్ ఫారం 1500లో రెండరింగ్ ప్రొవైడర్‌ది 24జే గడి పైభాగంలో, బిల్లింగ్ ప్రొవైడర్‌ది (బిల్ పంపే క్లినిక్‌ది) 33బీ గడిలో, రెండింటికీ అది టాక్సానమీ అని తెలిపే జెడ్‌జెడ్ క్వాలిఫయర్‌తో. ఎలక్ట్రానిక్ క్లెయిమ్ అయితే ప్రొవైడర్ వివరాలుండే పీఆర్‌వీ సెగ్మెంట్‌లో, పీఎక్స్‌సీ అనే గుర్తు తర్వాత. మెడికెయిడ్ ప్లాన్లు కొన్ని ఈ రెండు చోట్లా అడుగుతాయి, ఇంకొన్ని ఒక్క చోటే. మొదటి క్లెయిమ్ పంపేముందే ఆ ప్లాన్ మాన్యువల్ తెరిచి చూసుకోండి.